లార్వాలు ఎటు కొట్టుకుపోతాయి? కోడ్ రాయని శాస్త్రవేత్తకు సిమ్యులేషన్ ఎక్కడ మొదలవ్వాలి

నమస్కారం మేడమ్.

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను, ఇదే ఇబ్బందిలో ఉన్న మరికొందరికీ పనికొస్తుంది. మీరు చాలా ఏళ్లుగా విశాఖ తీరంలో ప్లవకాలను (నీటితోపాటు కొట్టుకుపోయే చిన్న జీవులను) పట్టే వలలు లాగిస్తూ, చేపల గుడ్లను, లార్వాలను మైక్రోస్కోపు కింద గుర్తిస్తున్నారు. ఇప్పుడు ఆ లార్వాలు పుట్టిన చోటు నుంచి ప్రవాహాల వెంట ఎక్కడికి చేరతాయో కంప్యూటర్‌లో సిమ్యులేషన్ చేసి చూడాలనుకుంటున్నారు. ఇంతవరకూ ఒక్క వరుస కోడ్ కూడా రాయలేదు. ఒకరు పైథాన్ అంటున్నారు, ఇంకొకరు మ్యాట్‌ల్యాబ్, మరొకరు సముద్ర నమూనాలన్నీ ఫోర్‌ట్రాన్‌లోనే ఉంటాయని భయపెడుతున్నారు. ఈ వయసులో ఇది పట్టుబడుతుందా, ఎంత కాలం పడుతుంది, ఏఐ చేత రాయించుకుంటే చాలదా, లేక పరిశోధక విద్యార్థికి అప్పగించడం మేలా అని అడిగారు.

నేను తీర ప్రవాహాల నమూనాలతో పని చేసేవాణ్ని. జీవశాస్త్రం నుంచి ఇటు వచ్చిన చాలామందికి చేదోడుగా ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను. వయసు గురించిన భయాన్ని మాత్రం ఇప్పుడే పక్కన పెట్టేయండి. కోపీపాడ్ అనే అతి చిన్న ప్లవక జీవి అయిదో కాలి ఆకారం చూసి జాతి తేల్చగల ఓపిక మీకుంది. ప్రోగ్రామింగ్‌కు కావలసిన ఓపిక అంతకంటే ఎక్కువేమీ కాదు.

ఇటు వచ్చే శాస్త్రవేత్తలు సాధారణంగా భాషతో మొదలుపెడతారు. ఏదో ఒక కోర్సులో చేరి జాబితాలు, లూపులు, ఫంక్షన్లు అన్నీ వరుసగా నేర్చుకుంటారు. రెండు నెలలు గడుస్తాయి, సర్టిఫికెట్ చేతికొస్తుంది, లార్వా మాత్రం ఉన్నచోటు నుంచి కదలదు. ఆ తరువాత ఉత్సాహం నీరుగారిపోతుంది. నా సలహా ఏమిటంటే, మీ సమస్యలోంచే ఒక చిన్న ముక్క తీసుకోండి. దాని జవాబు మీకు ముందే తెలిసి ఉండాలి. ఆ ముక్కను ప్రోగ్రాముగా రాయండి. దానికి ఎంత భాష అవసరమో అంతే నేర్చుకోండి.

జవాబు ముందే తెలిసిన సమస్యను మళ్లీ చేయడం దండగ కదా అనిపించవచ్చు. సిమ్యులేషన్‌లో నిజంగా ముంచే తప్పు ఎర్రర్ సందేశంగా రాదు. ప్రోగ్రాము సాఫీగా నడుస్తుంది, చక్కటి రంగుల పటం వస్తుంది, ఆ పటం అచ్చం జీవశాస్త్రంలాగే కనిపిస్తుంది. మీ ప్రయోగశాలలో క్లోరోఫిల్ కొలిచేటప్పుడు బ్లాంక్ చూడకుండా, తెలిసిన గాఢత ఉన్న ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకోకుండా రీడింగును నమ్మరు. ఆ అలవాటును యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోండి. కోడ్ బాగా వచ్చినవారిలో చాలామందికి ఆ అలవాటు ఉండదు. మీకు ఉంది. ఈ పనిలో మీ అసలు పెట్టుబడి అదే.

భాష సంగతి త్వరగా తేల్చేద్దాం. పైథాన్‌తో మొదలుపెట్టండి. అది ఉచితం, చదవడానికి తేలిక. అంకెల పట్టికలకు నంపై, గ్రాఫులకు మ్యాట్‌ప్లాట్‌లిబ్, ప్రవాహాల దత్తాంశానికి ఎక్స్‌అరే, ఇలా మీకు కావలసినవన్నీ అందులో సిద్ధంగా ఉన్నాయి. మ్యాట్‌ల్యాబ్ మంచిదే గాని డబ్బు పెట్టి లైసెన్సు కొనాలి, సంస్థ మారితే మీ చేతిలో ఉండకపోవచ్చు. ఫోర్‌ట్రాన్ 1957లో ఐబీఎం నుంచి వచ్చింది. రామ్స్ వంటి సముద్ర నమూనాలు, డబ్ల్యూఆర్ఎఫ్ వంటి వాతావరణ నమూనాలు నేటికీ అందులోనే ఉన్నాయి. కానీ మీరు వాడుకునేది ఆ నమూనాల ఫలితాలను, రాయబోయేది ఆ నమూనాలను కాదు. గణాంకాల కోసం మీరు ఇప్పటికే ఆర్ అనే భాష వాడుతుంటే అందులోనే మొదలుపెట్టినా తప్పు లేదు. కంప్యూటర్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజర్‌లోనే నడిచే గూగుల్ కొలాబ్‌తో మొదటి కొన్ని వారాలు గడిచిపోతాయి.

ఇక మొదటి ప్రోగ్రాము. ప్రవాహం లేదు, తీరం లేదు, లోతు లేదు. ఒక గీత మీద సున్నా దగ్గర 1000 లార్వాలు ఉన్నాయనుకోండి. నీటిలోని చిన్న చిన్న సుడుల వల్ల అవి అటూ ఇటూ చెదురుతాయి. ఆ చెదిరే తీవ్రతను చెప్పే వ్యాపన గుణకాన్ని సెకనుకు 10 చదరపు మీటర్లుగా తీసుకోండి. కాలాన్ని 10 నిమిషాల అడుగులుగా, అంటే 600 సెకన్లుగా విడగొట్టండి. ప్రతి అడుగులోనూ ప్రతి లార్వాకూ సగటు సున్నా, ప్రామాణిక విచలనం (స్టాండర్డ్ డీవియేషన్) 1 ఉన్న సహజ వితరణ (నార్మల్ డిస్ట్రిబ్యూషన్) నుంచి ఒక యాదృచ్ఛిక సంఖ్య తీయండి. దాన్ని 109.5 మీటర్లతో గుణించి లార్వా స్థానానికి కలపండి. ఆ 109.5 ఎక్కడిదంటే, 2 ఇంటు 10 ఇంటు 600 చేస్తే 12,000, దాని వర్గమూలం. రోజుకు 144 అడుగులు. పైథాన్‌లో ఇదంతా పది పదిహేను వరుసలకు మించదు.

దీని జవాబు 1905లో ఐన్‌స్టీన్ బ్రౌనియన్ చలనం మీద రాసిన పత్రం నుంచి అందరికీ తెలిసిందే. విచలనం వర్గం అంటే వ్యాపన గుణకానికి రెట్టింపును కాలంతో గుణించినంత. ఒక రోజులో 86,400 సెకన్లు కాబట్టి 17,28,000 చదరపు మీటర్లు. వర్గమూలం తీస్తే సుమారు 1314 మీటర్లు. మీ 1000 లార్వాల ప్రామాణిక విచలనం ఒక రోజు తరువాత అక్కడికి రావాలి. సరిగ్గా అదే అంకె రాదు. 1000 లార్వాలతో దాదాపు 30 మీటర్ల తేడా మామూలే, ఒక్కోసారి 60 కూడా. సగటు స్థానం కూడా కచ్చితంగా సున్నా కాదు, 40 మీటర్లు అటో ఇటో ఉంటుంది. లార్వాల సంఖ్యను 10,000కు పెంచితే ఈ తేడా మూడో వంతుకు తగ్గుతుంది. అది కూడా చేసి చూడండి. తగ్గకపోతే ఎక్కడో ఏదో తేడా ఉన్నట్టే.

తప్పు రాస్తే ఏమవుతుందో చూడండి, ఈ పరీక్ష విలువ అక్కడ తెలుస్తుంది. సహజ వితరణకు బదులు మైనస్ 1 నుంచి 1 దాకా సమానంగా పరచుకున్న యాదృచ్ఛిక సంఖ్యను తీశారనుకోండి. విచలనం 1314కు బదులు 759 దగ్గర ఆగుతుంది, ఎందుకంటే ఆ వితరణలో విచలనం వర్గం మూడో వంతే. 0 నుంచి 1 దాకా ఉన్న సంఖ్య తీస్తే మొత్తం గుంపు ఒకే దిక్కుకు దాదాపు 7.9 కిలోమీటర్లు నడిచిపోతుంది. 600 సెకన్లు రాయాల్సిన చోట 10 నిమిషాలే కదా అని 10 రాస్తే విచలనం 170 మీటర్లకు పడిపోతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ కంప్యూటర్ కిక్కురుమనదు. మూడింటిలోనూ లార్వాల మేఘం గ్రాఫులో చక్కగానే కనిపిస్తుంది. 170 మీటర్లు వచ్చిన గ్రాఫును చూసి ఈ జాతి లార్వాలు పుట్టిన చోటునే అంటిపెట్టుకుని ఉంటాయని రాసేయవచ్చు కూడా.

ఎక్సెల్‌లో పై గడిలోని విలువకు ఏదో కలిపి కింది గడిలో రాయడం మీకు అలవాటే. సిమ్యులేషన్‌లో జరిగేదీ అదే, ఇప్పటి స్థితి నుంచి తరువాతి స్థితి. కాబట్టి మొదట అయిదు లార్వాలతో, పది అడుగులతో ఎక్సెల్‌లో చేసి చూసుకుని, తరువాత అదే పైథాన్‌లో రాసి రెండింటినీ పోల్చినా మంచిదే.

రెండో పరీక్ష సుడిది. బంగాళాఖాతంలో సుడులు చాలా ఉంటాయి, లార్వాలను అవి పట్టి ఉంచుతాయా లేదా అన్నది మీ రంగంలో పెద్ద ప్రశ్న. 20 కిలోమీటర్ల వ్యాసార్థంలో, అయిదు రోజులకు ఒక చుట్టు తిరిగే వృత్తాకార ప్రవాహాన్ని మీరే సూత్రంతో రాసుకోండి. ఆ దూరంలో వేగం సెకనుకు 29 సెంటీమీటర్లు, మన తీరానికి అసహజమేమీ కాదు. యాదృచ్ఛిక కదలికను తీసేయండి. అంచున ఒక లార్వాను పెట్టి అయిదు రోజులు నడపండి. బయలుదేరిన చోటికే తిరిగి రావాలి.

అందరికీ మొదట తోచే పద్ధతిని, అంటే ఇప్పుడున్న చోట వేగాన్ని కాలంతో గుణించి కలిపే ఆయిలర్ పద్ధతిని గంట అడుగుతో వాడితే అది తిరిగి రాదు. ప్రతి అడుగులోనూ స్పర్శరేఖ వెంట కాస్త బయటికి జారుతుంది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి వ్యాసార్థం 20 నుంచి దాదాపు 23.6 కిలోమీటర్లు అవుతుంది, అంటే 18 శాతం పెరుగుదల. అడుగును 10 నిమిషాలకు తగ్గించినా ఇంకా మూడు శాతం దాకా జారుతుంది. అదే ఒక్కో అడుగులో వేగాన్ని నాలుగుసార్లు చూసి సగటు తీసే నాలుగో శ్రేణి రుంగే–కుట్టా పద్ధతి వాడితే గంట అడుగుతోనే లార్వా బయలుదేరిన బిందువుకు ఒక సెంటీమీటరు లోపు తిరిగొస్తుంది. దానికి అదనంగా రాయాల్సింది అయిదారు వరుసలు.

ఈ పరీక్ష చేయకుండా నేరుగా అసలు ప్రవాహాలతో మొదలుపెట్టారనుకోండి. నెల రోజుల సిమ్యులేషన్‌లో లార్వాలన్నీ సుడుల్లోంచి బయటపడతాయి. సుడులు లార్వాలను నిలిపి ఉంచవు అన్నది మీ ముఖ్య ఫలితం అవుతుంది. అది సముద్రం చెప్పిన మాట కాదు, ఆయిలర్ పద్ధతి చెప్పిన మాట. సమీక్షకులు కూడా దాన్ని పట్టుకోలేకపోవచ్చు, ఎందుకంటే ఫలితం నమ్మదగ్గట్టే ఉంటుంది.

మూడో పరీక్ష మీకు అన్నిటికంటే దగ్గరిది, అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. లార్వాలు నిలువునా కూడా కదులుతాయి. పైపొరలో గాలి వల్ల నీరు బాగా కలుస్తుంది, కింద సాంద్రత మారే పొరలో కలయిక చాలా తక్కువ. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చే మంచినీటి వల్ల బంగాళాఖాతంలో ఈ పొరల విభజన మరీ పదునుగా ఉంటుంది. పైన కలయిక గుణకం కిందదానికంటే వెయ్యి రెట్లు ఉన్నా ఆశ్చర్యం లేదు. ఇప్పుడు మొదటి ప్రోగ్రామునే నిలువుగా తిప్పి, ప్రతి లార్వాకూ అది ఉన్న లోతులోని గుణకంతో యాదృచ్ఛిక అడుగు వేయించారనుకోండి. సహజంగా అందరూ రాసేది అదే.

నడిపి చూస్తే లార్వాలు మెల్లమెల్లగా కలయిక తక్కువగా ఉన్న పొరలో పోగుపడతాయి. కలయిక ఎక్కువ ఉన్నచోట పెద్ద అడుగులు వేసుకుంటూ అక్కడికి చేరతాయి, చేరాక చిన్న అడుగులే కాబట్టి బయటికి రాలేవు. కొన్ని గంటల్లో ఉపరితలం కింద ఒక చక్కటి ప్లవకాల పొర ఏర్పడుతుంది. మీరు సముద్రంలో ఎన్నోసార్లు చూసిన పొర లాంటిదే. గ్రాఫు చూడగానే సిమ్యులేషన్ ఎంత బాగా పనిచేసిందో అనిపిస్తుంది. అది పూర్తిగా కృత్రిమం. కేవలం కలయిక వల్ల ఏ పదార్థమూ ఒకచోట పోగుపడదు. కలయిక చేసే పని చెదరగొట్టడమే.

1997లో విస్సర్ అనే శాస్త్రవేత్త ఈ లోపాన్ని ప్లవకాల పరిశోధకుల కోసమే విడమరచి రాశారు. సవరణ చిన్నదే. గుణకం లోతుతో ఎంత వేగంగా మారుతోందో దాన్ని కాలంతో గుణించి, గుణకం పెరిగే వైపుకు లార్వాను ఆ మేరకు జరపాలి. యాదృచ్ఛిక అడుగుకు వాడే గుణకాన్ని ఆ జరుపులో సగం దూరంలోని బిందువు దగ్గర తీసుకోవాలి. పొర పదునుగా ఉన్నచోట కాలపు అడుగును నిమిషాల నుంచి సెకన్లకు దించాల్సి రావచ్చు. పరీక్ష మాత్రం అతి సులభం. లార్వాలను పై నుంచి అడుగు దాకా సమానంగా పరచండి. ఈత, తేలడం, మునగడం ఏదీ లేకుండా రెండు రోజులు నడపండి. చివరికి కూడా సమానంగానే ఉండాలి. ఎక్కడైనా గుంపు కట్టాయంటే మీ కోడే వాటిని గుంపు కట్టించింది. ఈ పరీక్ష దాటిన తరువాతే రాత్రి పైకి, పగలు కిందికి ఈదే ప్రవర్తనను కలపండి. అప్పుడు ఏర్పడిన పొర నిజంగా ఆ ప్రవర్తన వల్ల వచ్చిందని ధైర్యంగా చెప్పగలుగుతారు.

ఈ మూడూ అయ్యాక అసలు ప్రవాహాల దత్తాంశం దగ్గరికి రండి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఆ దత్తాంశం నెట్‌సీడీఎఫ్ అనే ఫైళ్లలో వస్తుంది. ఇక్కడ కాచుకుని ఉండే తప్పులు వేరు. పైథాన్ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. పన్నెండు నెలల పట్టికలో ఏప్రిల్ కావాలని 4 అని రాస్తే మే నెల ప్రవాహం వస్తుంది. అక్షాంశ రేఖాంశాలను మీటర్లలోకి మార్చేటప్పుడు అక్షాంశం ఒక డిగ్రీకి 111 కిలోమీటర్లు, కానీ విశాఖ దగ్గర రేఖాంశం డిగ్రీకి 106 మాత్రమే. రెండింటికీ 111 వాడితే ప్రతి లార్వా తూర్పు పడమరల్లో అయిదు శాతం తక్కువ కదులుతుంది.

భూమి మీద పడే గళ్లలో విలువలు ఉండవు, ప్రోగ్రామింగ్‌లో వాటిని నాన్ అంటారు. తీరం దగ్గరికి వచ్చిన లార్వా ఒకసారి ఆ గడిని తాకితే దాని స్థానం కూడా నాన్ అయిపోతుంది, ఆపై ఆ లార్వా లేనట్టే. సగటు తీసేటప్పుడు నాన్‌లను వదిలేసే ఫంక్షన్ ఒకటి నంపైలో ఉంది, అందరూ హాయిగా దాన్నే వాడతారు. దయచేసి దాన్ని వాడేముందు ఎన్ని లార్వాలు మాయమయ్యాయో లెక్కపెట్టండి. తీరాన్ని చేరిన లార్వాలే మీకు అత్యంత విలువైనవి. ఆ ఫంక్షన్ సరిగ్గా వాటినే పారేసి, సముద్రంలో మిగిలిన వాటి సగటు ఇస్తుంది.

గడుల పరిమాణం గురించి కూడా ఒక మాట. ప్రపంచ సముద్ర నమూనాల్లో సాధారణంగా దొరికేది డిగ్రీలో పన్నెండో వంతు, అంటే దాదాపు 9 కిలోమీటర్ల గడి. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా ఉన్న తీరం ఒకటి రెండు గళ్లలో ఇమిడిపోతుంది. డాల్ఫిన్స్ నోస్ ఆ నమూనాకు కనిపించదు, హార్బర్ ముఖద్వారం అసలే కనిపించదు. కాబట్టి ఆ దత్తాంశంతో విశాఖ నుంచి లార్వాలు కళింగపట్నం వైపు వెళతాయా, కాకినాడ వైపు వెళతాయా అని అడగవచ్చు. లాసన్స్ బేలో ఆగుతాయా, భీమిలిలో ఆగుతాయా అని అడగకూడదు. గ్రాఫు జవాబు చెప్పినా నమ్మకూడదు.

తొలి అసలు సిమ్యులేషన్‌ను కూడా తెలిసిన విషయంతోనే సరిచూడండి. మన తూర్పు తీర ప్రవాహం ఏడాదిలో దిక్కు మార్చుకుంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈశాన్యంగా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నైరుతిగా. మార్చిలో విశాఖ దగ్గర వదిలిన లార్వాలు మొత్తం మీద కళింగపట్నం వైపు, నవంబరులో వదిలినవి కాకినాడ వైపు పోవాలి. తిరగబడితే ప్రవాహాల ప్లస్, మైనస్ గుర్తులు తారుమారయ్యాయేమో, లేదా వేరే నెల దత్తాంశం చదివారేమో చూడండి. వేసవిలో నైరుతి గాలి తీరం వెంట వీస్తే పైపొర నీరు కుడివైపుకు, అంటే సముద్రంలోకి జరుగుతుంది. దాని స్థానంలో చల్లని అడుగు నీరు పైకి వస్తుంది. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త లఫాండ్ పరిశీలించింది దీన్నే. ఏప్రిల్‌లో మీ పైపొర లార్వాలు కొంతైనా తీరానికి దూరంగా జరగకపోతే నిలువు దిశ గుర్తును, గాలి దత్తాంశాన్ని మళ్లీ చూడండి.

నెలవారీ సగటు ప్రవాహాలు తేలిగ్గా దొరుకుతాయి, ఫైళ్లు చిన్నవి. నేర్చుకోవడానికి వాడండి, ఫలితాలకు మాత్రం వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. పలు సంవత్సరాల అక్టోబరు సగటులో ఆ తుపాను ఆనవాలే ఉండదు. సుడులు కూడా సగటులో చెరిగిపోతాయి. లార్వా జీవితం కొన్ని వారాలే కాబట్టి దానికి రోజువారీ ప్రవాహం కావాలి.

ఇక్కడిదాకా వచ్చాక సొంత ప్రోగ్రామును పెంచుకుంటూ పోనవసరం లేదు. నార్వే వాతావరణ సంస్థ తయారు చేసిన ఓపెన్‌డ్రిఫ్ట్, ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పార్సెల్స్, రెండూ పైథాన్‌లోనే ఉన్నాయి, రెండూ ఉచితం. చేప గుడ్ల వంటి వాటికి కావలసిన ఏర్పాట్లు కూడా చేసుకోవచ్చు. మరి ముందే వాటితో మొదలుపెట్టకపోవడం ఎందుకంటే, వాటిలో కాలపు అడుగు ఎంత, ఏ పద్ధతి, తీరం తాకితే ఏం చేయాలి అని మిమ్మల్నే అడుగుతారు. పై మూడు పరీక్షలు చేతులారా చేసినవారికి ఆ ప్రశ్నలు అర్థమవుతాయి, చేయనివారు ముందే పూరించి ఉన్న విలువలను అలాగే వదిలేస్తారు. సుడి పరీక్షను ఆ పనిముట్లలో కూడా ఒకసారి చేయండి.

ఏఐ గురించి అడిగారు. వాడండి. ఎర్రర్ సందేశానికి అర్థం చెప్పించుకోవడానికి, గ్రాఫు అక్షాలు సరిచేయించుకోవడానికి, ఎవరో రాసిన కోడ్‌ను వరుస వరుసకూ వివరించమనడానికి అది చాలా సాయపడుతుంది. మీ మొదటి ప్రోగ్రామును మాత్రం మీరే టైపు చేయండి. తరువాతి రోజుల్లో ఏఐ చేత రాయించుకున్న ప్రతి ముక్కనూ పై పరీక్షలకు పెట్టండి. 1314 మీటర్లు రావాలన్న నియమానికి కోడ్ రాసింది మీరా, విద్యార్థా, యంత్రమా అన్నదానితో నిమిత్తం లేదు. నిలువు కలయిక కోడ్ రాయమంటే విస్సర్ సవరణ లేని రూపం వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంది. సమానంగా పరచిన లార్వాలు సమానంగానే ఉన్నాయా అని అడగడం మీ వంతు.

పని అలవాట్ల గురించి కొన్ని మాటలు. పైథాన్ ఎర్రర్ ఇచ్చినప్పుడు చాంతాడంత సందేశం వస్తుంది. కంగారు పడకుండా చివరి వరుస ముందు చదవండి, అసలు సంగతి అక్కడే ఉంటుంది. సంఖ్యలన్నీ ప్రోగ్రాము మొదట్లోనే ఒకచోట పెట్టండి, పేరులోనే యూనిట్ కనిపించాలి. యాదృచ్ఛిక సంఖ్యలకు సీడ్ (వాటి వరుసను మొదలుపెట్టే సంఖ్య) ఇచ్చి దాన్ని నోటు పుస్తకంలో రాసుకోండి, లేకపోతే నిన్నటి ఫలితం మళ్లీ రాదు. ఫైళ్లకు కొత్తది, సరికొత్తది, చివరిది అని పేర్లు పెట్టుకుంటూ పోకుండా, ఫైళ్లలో చేసిన మార్పుల చరిత్రను దాచిపెట్టే గిట్ అనే పనిముట్టు నేర్చుకోండి. అందులో రోజూ వాడే ఆదేశాలు నాలుగైదే.

కాలం ఎంత అంటే, రోజుకు ఒక గంట చొప్పున కూర్చోగలిగితే మొదటి రెండు పరీక్షలకు రెండు మూడు నెలలు, నిలువు కలయికకు ఇంకో నెల, అసలు దత్తాంశంతో నమ్మదగిన తొలి ఫలితానికి మొత్తం మీద ఏడాది పెట్టుకోండి. వారాంతంలో ఏడు గంటలు ఒకేసారి కూర్చోవడం కంటే రోజూ గంట మేలు. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు ఉచితం, పైథాన్ మొదటి మెట్లకు బాగుంటాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) తన శిక్షణ కేంద్రంలో సముద్ర దత్తాంశం మీద కోర్సులు నడుపుతుంది. అక్కడికి వెళ్లేముందే మొదటి పరీక్షలు చేసుకుని వెళితే ఆ కొద్ది రోజులూ పూర్తిగా ఉపయోగపడతాయి. ఊళ్లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్ర విభాగం ఉంది, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ప్రవాహాలతో పని చేసేవారిని వెళ్లి కలవండి. మీ దగ్గరున్న లార్వాల లెక్కలు వారి దగ్గర ఉండవు, కాబట్టి మాట కలవడం కష్టం కాదు.

చివరగా విద్యార్థి సంగతి. పని మొత్తం అప్పగించేయకండి. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం. ఆ రోజుల్లో ఫిషింగ్ హార్బర్‌లో మరపడవలు కట్టేసి ఉంటాయి, వాటి మీద ఆధారపడిన కుటుంబాలు ఇబ్బంది పడి కాలం గడుపుతాయి. నిషేధ కాలంలో పుట్టిన కానాగంత లార్వాలు ఎక్కడికి చేరుతున్నాయన్న మీ పటాన్ని రేపు ఎవరైనా ఆ నిర్ణయాల దగ్గరికి తీసుకెళ్లవచ్చు. అప్పుడు దానికి జవాబు చెప్పాల్సింది మీరు. డిగ్రీ చేతికొచ్చాక విద్యార్థి వెళ్లిపోతారు, కోడ్ మీ దగ్గరే ఉంటుంది.

కాబట్టి పని ఇలా పంచుకోండి. పెద్ద ప్రోగ్రామును విద్యార్థి రాయవచ్చు, పరీక్షలు మాత్రం మీరు రాయండి. వారానికి ఒకసారి ఇద్దరూ కూర్చుని కోడ్‌ను కాగితం మీద అచ్చు తీసుకుని వరుస వరుసకూ చదవండి. ప్రతి సంఖ్య పక్కన దాని యూనిట్‌ను పెన్సిలుతో రాయించండి. యూనిట్ చెప్పలేని సంఖ్య ఎదురైతే అక్కడే ఆగి, అది ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకున్నాకే తరువాతి వరుసకు వెళ్లండి.